పాత కుండ దొరికితే కడగొద్దండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీలో అప్పుడప్పుడు వస్తా ఉంటుంది గదా, ఫలానా ఊర్లో జేసీబీతో తవ్వతా ఉంటే పాతకాలం కుండలు బయటపడినాయి అని, పక్కనే ఫోటో, ఆ ఫోటోలో కుండలన్నీ శుభ్రంగా కడిగి వరసగా పెట్టింటారు, ఒక్కోసారి పసుపు కుంకుమ కూడా పెట్టింటారు. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. మా ఇంట్లోనూ అదే తప్పు జరిగింది, అది చెప్దామనే ఈ ఉత్తరం.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఆరేడేళ్ళ కింద మామిడితోపులో నీళ్ళగుంత తవ్విస్తా ఉంటే ఆరడుగుల లోతులో బకెట్‌కి కుండ పెంకులు తగిలినాయి, లోపల నల్లగా బయట ఎర్రగా భలే నున్నగా ఉండాయి. ఒక చిన్న గిన్నె మాత్రం పగలకుండా వచ్చింది, దాని అడుగున నల్లటి మడ్డి గట్టిగా అంటుకోని ఉండె. మధ్యలో పల్లంగా అరిగిపోయిన రాయి కూడా ఒకటి దొరికింది. మా అమ్మ ఆ గిన్నెను సబ్బుపొడి వేసి కొబ్బరిపీచుతో తోమింది, మడ్డి పోకపోతే కత్తిమొనతో గీకింది, గిన్నె తళతళలాడింది, అందరం సంతోషపడినాం. నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినదాన్నే, పక్కనే నిలబడి చూశాను, ఒక్కమాట అనలేదు. ఆ మొత్తంలో విలువైంది ఆ మడ్డే అని తెలిసేసరికి అది ఎప్పుడో తూములో కలిసిపోయింది. అట్లాంటి మడ్డిలో, పాతమట్టిలో కంటికి కనపడని మొక్కల గుర్తులు ఉంటాయి, ఆ కాలం మనుషులు ఏం తిన్నారో అవే చెప్తాయి, అవేందో చెప్తాను వినండి.

చెరుకు తోటలో పనిచేసినోళ్ళను అడగండి, ఆకు అంచు తగిలితే చెయ్యి ఎట్లా కోసుకుంటుందో చెప్తారు. మొక్క వేరుతో తాగే నీళ్ళలో కరిగిన సిలికా కూడా లోపలికి పోతుంది, అది కణాల్లో చేరి గట్టిపడి ఆ కణం ఆకారంలోనే చిన్న గాజుపలుకు మాదిరి అవుతుంది. దాన్ని ఫైటోలిత్ అంటారు, మొక్కలో పుట్టిన రాయి అనుకోండి. ఆకు కుళ్ళినా కాలినా ఈ పలుకు మట్టిలో ఉండిపోతుంది. మన అవ్వలు ఊక బూడిదతో చెంబులు తోమేవాళ్ళు గదా, ఆ బూడిదలో ఎక్కువ భాగం ఈ సిలికానే. వీటిలో చాలావరకు వెంట్రుక మందం కూడా ఉండవు, కానీ మైక్రోస్కోపు కింద పెడితే వరి ఆకుది విసనకర్ర మాదిరి కనిపిస్తుంది, వడ్ల పొట్టుది రెండు కొమ్ములు లేచినట్టు ఉంటుంది, అందుకే ఒకచోట పొట్టువి ఎక్కువగా ఉంటే ఇక్కడ వడ్లు దంచినారు అని కూడా అంచనా వేయొచ్చు. మహారాష్ట్రలో పిస్దూరా దగ్గర దొరికిన ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి పేడరాళ్ళలో, అంటే డైనోసార్ల కాలం పేడ రాయి అయిపోయింది, దాంట్లో గడ్డి ఫైటోలిత్‌లు ఉండాయని 2005లో లక్నో బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్ వాళ్ళు చూపించినారు. అంతకుముందు డైనోసార్లు గడ్డి తినడమేంది, అప్పుడు గడ్డే లేదు అనుకునేవాళ్ళం. మన దేశం మట్టే ఆ మాట మార్చింది!

స్టార్చ్, అంటే పిండిపదార్థం, దాని సంగతి ఇంకా విచిత్రం. ఆలుగడ్డ ముక్క మీద అయోడిన్ వేసి నీలంగా మారిందా లేదా అని పిల్లలకు చూపించినదాన్నే గాని, అదే స్టార్చ్ రాతి సందుల్లో, కుండ గోడల్లో, మనిషి పళ్ళ మీద గట్టిపడిన గారలో వేల ఏళ్ళు నిలుస్తుందని నాకు తట్టనేలేదు. హర్యానాలో ఫర్మానా అని నాలుగున్నర వేల ఏళ్ళ నాటి హరప్పా నాగరికత ఊరు, అక్కడి వంటకుండల్లో, మనుషుల పళ్ళ గారలో అరుణిమా కశ్యప్, స్టీవ్ వెబర్ అనే పరిశోధకులు వెతికితే పసుపు, అల్లం రేణువులు కనిపించినాయి. వండిందా పచ్చిదా అని కూడా చెప్పొచ్చు, పచ్చి రేణువును మైక్రోస్కోపులో పోలరైజ్డ్ వెలుతురులో, అంటే ఒకే దిక్కుగా కంపించే వెలుతురులో చూస్తే మధ్యలో నల్లటి ప్లస్ గుర్తు ఉంటుంది, నీళ్ళలో ఉడికితే రేణువు ఉబ్బి ఆ గుర్తు చెదిరిపోతుంది.

ఇప్పుడు మన చిత్తూరోళ్ళ తిండి చూడండి. సంగటి చేసే రాగి తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. చెనక్కాయ దక్షిణ అమెరికాది. మిరపకాయ పోర్చుగీసోళ్ళు వచ్చినాకే మనకు తెలిసింది, ఈక్వడార్‌లో అయితే 6,100 ఏళ్ళ కిందే మిరప వాడినట్టు దాని స్టార్చ్ రేణువులే సాక్ష్యం చెప్పినాయి. మరి సంగటి ఉందో లేదో తెలియదు, చెనక్కాయ ఊరిబిండీ లేక, మిరపకారమూ లేక మన తోపులో ఆ గిన్నె పెట్టుకున్న మనిషి ఏం తిన్నాడు? పక్కన కడప, కర్నూలు జిల్లాల్లో పాత ఊర్ల మట్టిని నీళ్ళలో తేలించి చూస్తే మాడిన ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరికినాయి. మా గిన్నెలోనూ ఉలవలే ఉడికినాయేమో, ఇంకేదో గడ్డ ఉడికిందేమో, ఆ జవాబును మేమే సబ్బుపొడితో కడిగేసుకున్నాం.

అందుకే అందరినీ అడుక్కుంటా ఉండాను, ఏదైనా దొరికితే కడగొద్దు, గీకొద్దు, అప్పుడే చపాతీ పిండి కలిపిన చేత్తో అసలు ముట్టొద్దు, ల్యాబుల్లో కూడా గ్లోవ్స్ మీది మొక్కజొన్న పొడి అంటుకుంటే లెక్క తప్పిపోతుందని జాగ్రత్త పడతారు. శుభ్రమైన పేపర్లో చుట్టి, దాని పక్కన ఉన్న మట్టి కూడా ఒక గుప్పెడు విడిగా కట్టి పెట్టండి, కుండలోని రేణువు చుట్టూ ఉన్న మట్టిలోంచి వచ్చింది కాదని తేల్చాలంటే ఆ మట్టి కావాలి. తహసీల్దార్‌కి చెప్పండి, 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దాగున్నది పది రూపాయలకు మించి విలువ చేస్తే సర్కారుకు తెలియజేయాల్సిందే.

చెరువు పూడిక తీసేటప్పుడు కూడా, లారీలకు ఎత్తే ముందు ఒక్కచోట పైనుంచి అడుగు దాకా వరస చెడకుండా మట్టి తీసి పెట్టించగలిగితే ఎంత బాగుంటుంది. పూల పుప్పొడి పైపొర గాలి తగలని బురదలో కుళ్ళదు, చుట్టూ ఎప్పుడు అడవి ఉండేదో ఎప్పుడు పైరు పెట్టినారో అది చెప్తుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థ ఉంది, అడిగితే ముందుకొచ్చే పిల్లలు ఉంటారు.

మీరు కూడా ఇలాంటి వార్త వేసేటప్పుడు ఫోటో కింద ‘కడగకండి’ అని ఒక్క లైను వేయండి సార్.

ఆ అరిగిన రాయి మాత్రం బరువని మా అమ్మ ముట్టుకోలేదు, కొట్టం పక్కన చూరు కింద అట్లే పడి ఉండె, దాని గుంటల్లో ఇంకా పాతమట్టి పట్టుకోనే ఉంది. మొన్న పేపర్లో చుట్టి లోపల పెట్టించి తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చినాను. పరీక్ష చేసేవాళ్ళు ఎవరైనా వస్తే ఆ రాయి చూపిస్తాను, గుంత ఎక్కడ తవ్వినామో కూడా చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా