తాండ్ర ఎవరు తీశారు? తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల మూడో శనివారం మన బడిలో దొంగతనం జరగబోతోంది. స్టాఫ్ రూములో బీరువా మీదున్న స్టీలు డబ్బాలోంచి భీమాళి మామిడి తాండ్ర మాయమవుతుంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలు భోజనాల గంట కొట్టేలోగా దొంగను పట్టుకోవాలి. మీకు ముందే చెబుతున్నాం కానీ ఇంట్లో పిల్లల ముందు ఈ మాట ఎత్తకండి. ఉత్తరాన్ని అంటించిన కవరులో పంపింది అందుకే.

తాండ్రనే ఎంచుకోవడానికి కారణం ఉంది. మామిడి రసాన్ని చాప మీద పొర మీద పొర పోస్తూ ఎండబెడతారు కాబట్టి, కోసిన అంచున భూతద్దం పెడితే పొరలు లెక్కకు వస్తాయి. కిటికీ కింద దొరికిన ముక్క, డబ్బాలో మిగిలిన ముక్క ఒకే దిమ్మలోవా కావా అన్నది పిల్లలు తేల్చాల్సిన మొదటి సంగతి.

తర్వాత డబ్బా మీది వేలిముద్రలు. పెన్సిలు ముక్కును గరుకు కాగితం మీద అరగదీస్తే వచ్చే నల్ల పొడి చిటికెడు చాలు. మెత్తటి బొమ్మల కుంచెతో తాకీ తాకనట్టు అద్దాలి. గట్టిగా రుద్దితే ముద్ర చెరిగిపోతుంది, పొడి ఎక్కువైతే గీతల మధ్య సందులు పూడిపోతాయి. తాండ్ర జిగురు దట్టంగా అంటిన వేలి ముద్ర పనికిరాదు, పొడి అక్కడ ముద్దకడుతుంది. చెమట, నూనె పల్చగా ఉన్న వేలే మంచి ముద్ర వేస్తుంది. ఇంట్లో చేసి చూడాలంటే ముక్కు పక్కన ఒకసారి రాసుకుని గాజుగ్లాసు పట్టుకోమనండి. స్టీలు మీద ముద్ర సరిగా కనిపించడం లేదని పిల్లలు మళ్ళీ మళ్ళీ పొడి అద్దుతారు, అక్కడే పని చెడుతుంది. సెలో టేపుతో ఎత్తి తెల్లకాగితం మీద అంటించాకే అది తేటగా కనబడుతుంది.

పెద్దవాళ్ళు కూడా పొరపడే చోటు ఒకటుంది. అనుమానితుల వేలికి పెన్సిలు పొడి రాసి, దాని మీద టేపు అంటించి తీసి కాగితానికి అతికిస్తే, ఆ ముద్ర డబ్బా మీంచి ఎత్తిన ముద్రకు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఎడమకు వాలిన గీతలు కుడికి వాలినట్టు కనిపించి, అసలు దొంగే తప్పించుకుంటాడు. అందుకని అనుమానితుల ముద్రలు స్టాంపు ప్యాడు సిరాతో నేరుగా కాగితం మీదే వేయిస్తున్నాం.

అమ్మమ్మలు పసిపిల్లల వేళ్ళ మీద చూసే శంఖాలు, చక్రాలే ఇక్కడా పనికొస్తాయి. వేలిముద్రల్లో నూటికి అరవైకి పైగా శంఖాలు, ముప్పై పైచిలుకు చక్రాలు, విల్లులా వంగినవి అయిదు దాకా ఉంటాయి. కాబట్టి డబ్బా మీద శంఖం దొరికిందని సంబరపడటానికి లేదు, గదిలో ఉన్న అందరికీ అది ఉండొచ్చు. విల్లు దొరికితే మాత్రం చాలా పేర్లు ఒక్కసారిగా కొట్టేయొచ్చు. ఈ విద్యకు పునాది పడింది మన దేశంలోనే. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్క కట్టడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల శ్రమ ఉంది, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఆ ఇద్దరి పేర్లూ మన పిల్లలకు నోటికి రావాలి.

కిటికీ కింద తడి మట్టిలో చెప్పు అచ్చు ఉంటుంది. దాని చుట్టూ అట్ట కట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తాం. పావులీటరు గ్లాసుతో ఒకటిన్నర గ్లాసు నీళ్ళలో మూడు గ్లాసుల పొడి వేయాలి. పొడిలో నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది. నేరుగా అచ్చు మీద పోస్తే గీతలు చెదురుతాయి, పక్కనుంచి పారనివ్వాలి. అరగంటకు ఎత్తవచ్చు, పూర్తిగా ఆరడానికి మాత్రం ఒక రోజు పడుతుంది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కనుక పిల్లలెవరూ అందులో చేతులు పెట్టరు, కలిపే పని టీచర్లదే. వాన పడి అచ్చులో నీళ్ళు నిలిస్తే ఈ భాగం వదిలేసి కొలతతో సరిపెడతాం.

ఒక చీటీ కూడా దొరుకుతుంది. అది ఏ పెన్నుతో రాసిందో సిరాను బట్టి తేల్చాలి. నల్ల స్కెచ్ పెన్ను చుక్కను వడపోత కాగితం మీద పెట్టి, అడుగు తడిసేలా నిలబెడితే రంగులు విడిపోతాయి. చుక్క నీటిమట్టానికి పైన ఉండాలి. బాల్ పెన్ను సిరా నీళ్ళకు కదలదు.

మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇది: దొంగ పాత్ర ఏ బిడ్డకూ ఇవ్వం, అనుమానితులు అందరూ పెద్దవాళ్ళే. ఆటలో పడిన ‘దొంగ’ అన్న పేరు పదో తరగతి దాకా వెంటాడుతుంది. పిల్లలు కూడా ముందు ఎవరు కాదో రుజువుతో చూపాలి. రెండు ఆధారాలు కలిసేదాకా ఎవరి పేరూ బోర్డు మీద రాయకూడదు. ‘గంటస్తంభం దగ్గరున్నాను’ అని ఒకరంటే, ఆ వేళకు అక్కడ చూసినవాళ్ళెవరని అడగాలి తప్ప మొహం చూసి తేల్చేయకూడదు. మీ ఇంట్లో పెన్ను పోయినా ఇదే పద్ధతి పాటించమని మా కోరిక.

ఆ రోజు పిల్లలతో పాత చొక్కా, స్కేలు, మెత్తటి కుంచె పంపండి. ఆధారాలకు వాడిన తాండ్ర ఎవరికీ పెట్టం, తినడానికి వేరే దిమ్మ తెప్పిస్తున్నాం. మామిడి పడని పిల్లలుంటే శుక్రవారంలోగా క్లాసు టీచరుకు చీటీ రాసి పంపండి.

ఇట్లు
ప్రధానోపాధ్యాయురాలు
విజయనగరం