చోరీ వార్తకు రాష్ట్రం పేరెందుకు?

సంపాదకుడు గారికి,

గాజువాకలోనో పరవాడలోనో చోరీ కేసులో నిందితులు దొరికితే, వాళ్లు పొరుగు రాష్ట్రం వాళ్లయిన పక్షంలో జిల్లా పేజీలో ‘ఒడిశా ముఠా అరెస్ట్’, ‘బిహార్ దొంగలు’ అని శీర్షిక పడుతోంది. స్థానికులైతే ‘ఇద్దరు దొంగల అరెస్ట్’తో సరిపెడుతున్నారు.

ఇందులో ఎవరి కక్షా లేకపోవచ్చు. పోలీసుల ప్రెస్‌నోట్‌లో పేరు, వయసు, తండ్రి పేరు, స్వస్థలం వరుసగా ఉంటాయి. విలేకరి ఉన్నదున్నట్టు పంపుతారు. రెండు కాలమ్‌ల శీర్షికలో నాలుగు మాటలకు మించి పట్టవు కనుక డెస్క్‌లో రాష్ట్రం పేరు ముందుకొస్తుంది. తర్వాత వాట్సాప్‌లో తిరిగేది ఆ క్లిప్పింగే, లోపలి వార్త ఎవరూ చదవరు. ఫార్మాసిటీలో పనిచేసే కుర్రాళ్లు గది అద్దెకు అడిగితే ‘బయటివాళ్లకి ఇవ్వం’ అనే మాటకు ఇవే బలమిస్తున్నాయి.

స్వస్థలం అసలే రాయొద్దని కాదు. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి గంజాయి విశాఖ మీదుగా తరలుతుంటే ఆ దారి చెప్పి తీరాలి. సెల్‌ఫోన్ దొంగతనానికి ఆ అవసరం ఏముంది? రాష్ట్రం పేరు కొట్టేసి చదివినా నేరం అర్థమవుతోందా అని సబ్ ఎడిటర్ ఒక్కసారి చూసుకుంటే చాలు. కించపరిచే సందర్భాల్లో కులం పేరు వాడొద్దని పత్రికల ప్రమాణాలు చూసే మన ప్రెస్ కౌన్సిల్ ఏనాడో చెప్పింది. రాష్ట్రానికీ అదే వర్తింపజేయాలి. జర్మనీ ప్రెస్ కౌన్సిల్ 2017లో తన 12.1 నియమాన్ని తిరగరాసింది. ప్రజలకు తెలియాల్సిన బలమైన కారణం ఉంటే తప్ప నేర వార్తల్లో నిందితుడి జాతి, మతం ప్రస్తావించకూడదన్నది దాని సారం.

2023 మార్చిలో తమిళనాడులో బిహారీ కార్మికులపై దాడులంటూ వీడియోలు తిరిగాయి. అవి అబద్ధమని అక్కడి పోలీసులు తేల్చేలోపే కొన్ని మీడియా సంస్థలు వార్తలిచ్చేశాయి. భయంతో కార్మికులు సొంతూళ్లకు రైలెక్కారు. ఖండన ఎంత పెద్దగా వేసినా ఆ భయం అంత తొందరగా పోదు.

కాబట్టి అరెస్టుకు ఇచ్చినంత చోటు, కోర్టు కేసు కొట్టేసినప్పుడూ ఇవ్వండి. బయటి నుంచి పనికొచ్చిన ఆ కుర్రాళ్లలో ఒకరు పరంజా మీద నుంచి పడి చనిపోతే ‘వలస కూలీ మృతి’ అని రెండు లైన్లతో వదిలేయకండి. పేరు, ఊరు, పని చేయించిన కాంట్రాక్టర్ ఎవరు, అతనికి లైసెన్స్ ఉందా, పరిహారం ఎవరు చెల్లిస్తారు అన్నవి రాయండి. స్వస్థలం తప్పకుండా రాయాల్సింది ఆ వార్తలోనే.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం