ఫార్మాట్ చేసే ముందు కారణం చూపించండి

సంపాదకులకు నమస్కారములు.

అయ్యా,

ఇంటి కంప్యూటర్‌లో ఫోల్డర్లు తెరిచి చూపించే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మాటిమాటికీ మూసుకుపోతోందని మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే, ఇక్కడ చెన్నైలో నాకు ఎదురైన మొదటి మాట "ఫార్మాట్ చేసేయాలి" అన్నదే. మా వీధిలో మరి ఇద్దరికి కూడా అదే మాట ఎదురైంది. ఏది చెడిందో చూడకుండా ఉన్నదంతా తుడిచివేయడాన్ని మరమ్మతు అనకూడదనీ, కారణం వెతకడం నావంటి సాంకేతిక చదువు లేని వారికి కూడా సాధ్యమేననీ నా అనుభవం మీద చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నేను పెరంబూరులో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలిని. ఏళ్ళ తరబడి రాసుకున్న పాఠాల నోట్సును స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచుకున్నాను. అంతకంటే విలువైనవి మా అమ్మ పాడగా మా తమ్ముడు ఫోనులో తీసిన పెళ్ళిపాటల వీడియోలు. నలుగు పాటలు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతల పాటలు ఆమెకు వచ్చినట్టు మా ఇంట్లో మరెవరికీ పూర్తిగా రావు. ఇప్పుడు ఆమె లేరు. వేసవిలో ఒకరోజు ఆ వీడియోలను మా మేనకోడలికి పంపుదామని ఒక ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కగానే విండో తెల్లబడింది, పైన స్పందించడం లేదన్న సందేశం వచ్చింది, ఆ తరువాత తెరిచి ఉన్న ఫోల్డర్లన్నీ మాయమై, అడుగున ఉండే టాస్క్‌బార్ కూడా పోయి, కొన్ని క్షణాలకు దానంతట అదే తిరిగి వచ్చింది. మరునాటికి ఇది రోజుకు రెండు మూడు సార్లు జరగసాగింది.

దుకాణంలోని యువకుడు కంప్యూటర్‌కు కరెంటు కూడా ఇవ్వకముందే ఫార్మాట్ అన్నాడు. ముఖ్యమైనవి డి డ్రైవ్‌లో ఉన్నాయా అని అడిగాడు. డెస్క్‌టాప్ మీద ఉన్నాయని చెబితే, అవి పోతాయని తమిళంలో నిదానంగానే చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు; అతనికి నేర్పిన పద్ధతి అది. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అనే ఫోల్డర్లు మనం ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప విండోస్ ఉండే సి డ్రైవ్‌లోనే ఉంటాయనీ, ఫార్మాట్ చేసేది ఆ డ్రైవ్‌నేననీ తెలియక ఎంతమంది తల ఊపి వచ్చేస్తారో తలుచుకుంటే దిగులు వేస్తుంది. మా కింది వాటాలో ఉన్న పెద్దాయన అలాగే తల ఊపి, మనవడి బారసాల ఫోటోలు పోగొట్టుకున్నారు. అంతా పోయాక కూడా మూడు వారాలు తిరగకుండానే ఆయన కంప్యూటర్‌లో ఎక్స్‌ప్లోరర్ మళ్ళీ అదే విధంగా పడిపోవడం మొదలైంది. ఆ సంగతి విని ఉండటం వల్లనే నేను కంప్యూటర్‌ను దుకాణంలో వదలకుండా ఆటోలో వెనక్కి తెచ్చుకున్నాను.

ఫోల్డర్ చూస్తుంటే టాస్క్‌బార్ ఎందుకు పోవాలి అన్న ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. జవాబు విండోస్ నిర్మాణంలో ఉంది. 1990లో వచ్చిన విండోస్ 3.0లో ఫైళ్ళు చూపడానికి ఫైల్ మేనేజర్, ప్రోగ్రాములు నడపడానికి ప్రోగ్రామ్ మేనేజర్ అని రెండు వేరువేరుగా ఉండేవి. 1995లో వచ్చిన విండోస్ 95లో ఎక్స్‌ప్లోరర్ అనే ఒకే ప్రోగ్రాముకు ఫోల్డర్లు, డెస్క్‌టాప్, టాస్క్‌బార్ అన్నీ అప్పగించారు. 2012లో విండోస్ 8తో దాని పేరు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అని మారినా, ఆ ఏర్పాటు మారలేదు. అందుకే అది కూలితే అన్నీ ఒకేసారి మాయమై, విండోస్ దానిని తిరిగి లేపగానే అన్నీ ఒకేసారి వస్తాయి.

ఇక అది కూలడానికి తరచుగా కారణమయ్యేది మైక్రోసాఫ్ట్ రాసిన భాగం కాదు. ఫైళ్ళను కుదించే సాఫ్ట్‌వేర్, పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్ వంటివి వేసుకున్నప్పుడు, కుడి క్లిక్‌తో వచ్చే పట్టికలో వాటి పేరుతో ఒక్కొక్క వరుస చేరుతుంది. వాటిని షెల్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. మనకు కనిపించేది ఒక వరుసే అయినా, దాని వెనుక ఉన్న డీఎల్ఎల్ ఫైలు, అంటే వేరే ప్రోగ్రాములు తమలోకి తెచ్చుకుని వాడుకునే కోడ్ ఫైలు, ఎక్స్‌ప్లోరర్ లోపలికే వచ్చి, దాని మెమరీలోనే కూర్చుని పనిచేస్తుంది. పొరుగింట్లో గోడ కూలితే మన ఇంటికి నష్టం లేకపోవచ్చు గాని, మన ఇంటి దూలం మీద వేరొకరు కట్టిన గది కూలితే ఇల్లంతా కూలుతుంది. ఇక్కడ జరిగేది రెండవది. ఎక్స్‌టెన్షన్‌లో దోషం ఉంటే విండోస్ దానిని మాత్రమే ఆపలేక మొత్తం ఎక్స్‌ప్లోరర్‌ను ఆపివేస్తుంది.

ఈ విషయం నాకు వివరించింది మా పై వాటాలో ఉంటూ పాలిటెక్నిక్ చదువుతున్న అమ్మాయి. "టీచరుగారూ, ముందు అది ఎప్పుడు పడిపోతోందో, ఆ క్షణంలో మీరేం చేస్తున్నారో నోటుబుక్కులో రాయండి, తరువాత చూద్దాం" అని చెప్పి వెళ్ళింది. నాలుగు రోజులలో తొమ్మిది సార్లు పడిపోయినట్లు తేదీ, సమయంతో రాశాను. అందులో ఎనిమిది కుడి క్లిక్ చేసినప్పుడు జరిగినవి, ఒకటి మాత్రం అమ్మ పాటల ఫోల్డర్ తెరవగానే జరిగింది. ఆ తేడా ఎంత ముఖ్యమో అప్పుడు నాకు తెలియలేదు. తరువాత ఆమె ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, అందులో రెండు మాటలున్న చిన్న ఫైలు పెట్టి, దాని మీద కుడి క్లిక్ చేసింది. ఎక్స్‌ప్లోరర్ పడిపోయింది. కుడి క్లిక్‌తో పడిపోవడానికి కారణం నా వీడియోలలో లేదని, కుడి క్లిక్ పట్టికలో ఉందని ఆ ఒక్క పరీక్షతో తేలింది.

ఆ పైన ఆమె స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరిచింది. ఎడమ వైపున విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్ అన్న చోట, ఎరుపు గుర్తుతో అప్లికేషన్ ఎర్రర్ అనీ, ఈవెంట్ సంఖ్య 1000 అనీ వరుసలు కనిపించాయి. నా నోటుబుక్కులోని తొమ్మిది సమయాలూ నిమిషం తేడా లేకుండా అక్కడ ఉన్నాయి. నేను చేతితో రాసుకున్నదాన్ని ఆ యంత్రం కూడా తన పుస్తకంలో రాసుకుంటూనే ఉందని చూసి నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. వరుసను తెరిస్తే, కూలిన ప్రోగ్రాము పేరు ఎక్స్‌ప్లోరర్ అనీ, దానికి దిగువన ఫాల్టింగ్ మాడ్యూల్, అంటే దోషం బయటపడిన భాగం, అన్న చోట మరొక ఫైలు పేరు, అది ఉన్న ఫోల్డర్ దారి ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ ఆ పేరు ఒక్కటే. అది నేను ఎప్పుడో ఒకసారి వాడి మరిచిపోయిన, ఉచితంగా దొరికే ఒక కుదింపు సాఫ్ట్‌వేర్‌కు చెందినది. సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి దానిని తొలగించి, కంప్యూటర్‌ను మళ్ళీ ప్రారంభించాము. ఆ తరువాత కుడి క్లిక్‌తో ఒక్కసారి కూడా పడిపోలేదు. పట్టిన సమయం ముప్పావు గంట, ఖర్చు లేదు.

కింది వాటా పెద్దాయన కంప్యూటర్‌లో కూడా చూస్తే అదే సాఫ్ట్‌వేర్ ఉంది. ఫార్మాట్ చేసిన దుకాణం వారే విండోస్ వేశాక, అందరికీ వేసే కట్టలో భాగంగా దానిని తిరిగి వేశారు. ఫోటోలు పోయాయి, దోషం మాత్రం పదిలంగా తిరిగి వచ్చింది.

ఈవెంట్ వ్యూయర్ చూపే పేరును ఎల్లప్పుడూ గుడ్డిగా నమ్మకూడదని కూడా చెప్పాలి. ఆ చోట ఎన్‌టీడీఎల్ఎల్ లేదా కెర్నెల్‌బేస్ వంటి విండోస్ సొంత ఫైలు పేరు కనిపిస్తే, తప్పు దానిదేనని అనుకోరాదు. వేరొకరు చేసిన తప్పు అక్కడికి వచ్చాక బయటపడి ఉండవచ్చు. అటువంటప్పుడు నిర్‌సాఫ్ట్ వారు ఉచితంగా ఇచ్చే షెల్ఎక్స్‌వ్యూ అనే చిన్న పరికరం ఉపయోగపడుతుంది. మైక్రోసాఫ్ట్‌వి కాని ఎక్స్‌టెన్షన్లను అది గులాబి రంగులో చూపుతుంది. వాటిని తొలగించనవసరం లేకుండా నిలిపివేసి, ఎక్స్‌ప్లోరర్ నిలకడగా ఉందో లేదో చూసి, సగం సగంగా తిరిగి అనుమతిస్తూ పోతే దోషి దొరుకుతుంది. ఈవెంట్ వ్యూయర్ గజిబిజిగా తోచే పెద్దలకు రిలయబిలిటీ మానిటర్ నయం. ఏ రోజు ఏది కూలిందో అది తేదీల వారీగా, ఎర్ర గుర్తులతో చూపుతుంది.

మిగిలిన ఆ ఒక్క సంఘటన, అంటే ఫోల్డర్ తెరవగానే పడిపోవడం, వేరే కథ. ఫోల్డర్ తెరిచినప్పుడు ప్రతి వీడియోకూ ఒక చిన్న బొమ్మ తయారు చేయడానికి విండోస్ ఆ ఫైలును కొంత చదువుతుంది. చెడిన వీడియో ఉన్నా, వీడియోను విప్పి చదివే కోడెక్ అనే భాగం సరిగా లేకపోయినా అక్కడే కూలవచ్చు. ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ అన్న చోట, చిన్న బొమ్మలు వద్దు, ఎప్పుడూ గుర్తులే చూపు అనే అర్థం వచ్చే మొదటి గడిలో టిక్ పెట్టగానే ఆ ఫోల్డర్ ప్రశాంతంగా తెరుచుకుంది. అప్పుడు వీడియోల పరిమాణాలు చూస్తే, ఒక అప్పగింతల పాట మిగిలిన వాటిలో పదో వంతు కూడా లేదు. ఫోను నుంచి ఎక్కించేటప్పుడు మధ్యలో కేబుల్ ఊడిన రోజు నాకు గుర్తుంది. అసలు వీడియో అదృష్టవశాత్తు తమ్ముడి ఫోనులో ఇంకా ఉంది. దానిని తిరిగి తెప్పించుకుని, తెగినదాన్ని తీసివేసి, టిక్ తొలగించాము. ఫార్మాట్‌కు ఒప్పుకుని ఉంటే ఆ పాట పూర్తిగా ఎక్కలేదన్న సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఈ రెండూ కాక వేరే కారణాలూ ఉంటాయి. ఇటీవల తెరిచిన ఫైళ్ళ చరిత్ర చెడితే, అదే ఫోల్డర్ ఆప్షన్స్‌లో జనరల్ అన్న చోట ఉన్న క్లియర్ బటన్ నొక్కితే సరిపోతుంది. అది జాబితాను తుడుస్తుంది గాని ఫైళ్ళను తాకదు. కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, అందులో ఎక్స్‌ప్లోరర్ బాగా నడిస్తే, దోషం విండోస్‌లో కాక మన పాత ఖాతా అమరికలలో ఉందని బలంగా అనుమానించవచ్చు. విండోస్ సొంత ఫైళ్ళే చెడ్డాయని అనుమానం ఉంటే, వాటిని సరిచేయడానికి డిఐఎస్ఎమ్, ఆ తరువాత సిస్టమ్ ఫైల్ చెకర్ అనే రెండు పరికరాలు విండోస్‌లోనే ఉన్నాయి. అవి వ్యక్తిగత ఫైళ్ళ జోలికి పోవు.

డిస్కే పాడవుతున్నదని అనుమానం వస్తే మాత్రం వరుస తిరగబడాలి. ఫోల్డర్లు తెరవడానికి నిమిషాలు పట్టడం, డిస్కు నుంచి టకటక శబ్దం రావడం, కాపీ మధ్యలో ఆగిపోవడం కనిపిస్తే, ఏ పరీక్షా చేయకుండా ముందు ముఖ్యమైనవి మరొక డిస్కు మీదకు ఎక్కించుకోవాలి. డిస్కులో దోషాలు వెతికే చెక్‌డిస్క్ పరికరం కూడా ఆ తరువాతే. పూర్తి పరీక్షలో అది డిస్కు అంతటినీ చదివించడం వల్ల, చివరి దశలో ఉన్న డిస్కు మీద భారం పెరుగుతుంది. కాపీకి కావలసిన కొత్త డిస్కు ఈ ఊళ్ళో రిచీ స్ట్రీట్‌లో ఎన్నో దుకాణాలలో దొరుకుతుంది.

నా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10 కావడంతో, మరొక దుకాణంలో ఆ కారణం చూపి కొత్త యంత్రం కొనమన్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట వాస్తవమే. భద్రత దృష్ట్యా మార్చుకోవలసిన అవసరం ఉండవచ్చు. కానీ మద్దతు ముగిసినందువల్ల ఎక్స్‌ప్లోరర్ దానంతట అదే కూలదు. ఆ రెండింటినీ కలిపి చెప్పి, పింఛను మీద బతికేవారి చేత వేల రూపాయలు ఖర్చు పెట్టించడం న్యాయం కాదు.

మరమ్మతు దుకాణాల వారిని నేను కోరేవి రెండు. ఫార్మాట్ చేయాలని చెప్పే ముందు ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అక్కడ కనిపించిన మాడ్యూల్ పేరును బిల్లు మీద రాసి ఇవ్వండి. ఫార్మాట్ తప్పనిసరి అయితే, సి డ్రైవ్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను మరొక డిస్కుకు ఎక్కించి, అవి తెరుచుకుంటున్నాయని యజమానికి చూపించి, అతని సంతకం తీసుకున్నాకే మొదలుపెట్టండి. సంతకానికి పట్టేది ఒక్క నిమిషం.

మీ పత్రికను కోరేది ఒకటి. చెన్నైలో తెలుగు చదివే పెద్దలం చాలామందిమి ఉన్నాము. దుకాణంలో మాట తమిళంలో ఉంటుంది, తెర మీద మాట ఇంగ్లీషులో ఉంటుంది, మాకు అర్థమయ్యే భాషలో అడగవలసిన ప్రశ్నలు మాత్రం ఎక్కడా ఉండవు. వారానికి ఒకసారి పావు పేజీ కేటాయించి, ఇటువంటి ఇంటి కంప్యూటర్ చిక్కులలో ఒక్కొక్కదాన్ని తీసుకుని, ఏ బటన్ ఎక్కడ ఉంటుందో, ఏది ముందు చేయాలో, ఏది చేయకూడదో తెలుగులో ప్రచురించవలసిందిగా విన్నవించుకుంటున్నాను. మొదటి వారం ఫైళ్ళను మరొక డిస్కుకు ఎక్కించుకునే పద్ధతితో మొదలుపెడితే, కింది వాటా పెద్దాయన తన కొత్త ఫోటోలకైనా దానిని వెంటనే ఉపయోగించుకుంటారు. ఆయన మీ పత్రికకు చందాదారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై.