సబ్‌స్ట్రేట్‌కు 'తత్సమానం' లేదు, మంత్రి గారూ

శాస్త్ర పరిశోధనా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొనుగోలు నిబంధనల్లోని "లేదా తత్సమానమైనది, ధర తక్కువైతే" అన్న మాట తీసేయమని అడగడం ఇది నాలుగోసారి. మూడు విన్నపాలకూ జవాబు లేకపోయేసరికి బహిరంగంగా రాస్తున్నాం.

ఆక్సైడ్ థిన్ ఫిల్మ్ (స్ఫటికపు పలక మీద వేసే అతి పలుచని ఆక్సైడ్ పొర) పనిలో సబ్‌స్ట్రేట్ అంటే పొరను నిలబెట్టే పలక మాత్రమే అని కొనుగోలు కమిటీలు అనుకుంటున్నాయి. పొర గుణాన్ని నిర్ణయించేదే ఆ పలక అండీ. లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్ పొరనే తీసుకోండి. దాని లాటిస్ కొలత, అంటే స్ఫటికంలో పరమాణువుల అమరిక మళ్లీ మళ్లీ వచ్చే దూరం, సుమారు 3.88 ఆంగ్‌స్ట్రామ్‌లు. 3.905 ఉన్న స్ట్రాన్షియం టైటనేట్ మీద వేస్తే పొర పక్కలకు సాగుతుంది, అయస్కాంతత్వం పొర తలంలోనే ఉంటుంది. 3.79 ఉన్న లాంథనం అల్యూమినేట్ మీద వేస్తే అదే పొర పక్కల నుంచి నొక్కుకుపోయి నిలువునా సాగుతుంది, అయస్కాంతత్వం తలానికి లంబంగా లేస్తుంది. మాంగనీసు, ఆక్సిజన్ బంధాల పొడవూ కోణమూ మారడంతో విద్యుత్ నిరోధం కూడా మారిపోతుంది.

పైగా లాంథనం అల్యూమినేట్‌కు ఇంకో చిక్కుంది. పొర వేసేది 700 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో. చల్లారుతూ సుమారు 550 దాటేటప్పుడు ఆ స్ఫటికం రూపు మారి ట్విన్‌లు (వేరు వేరు దిశల్లో తిరిగిన స్ఫటిక భాగాలు) పడతాయి. నున్నటి ఉపరితలం మీద సన్నటి మడతలు తేలతాయి, ఎక్స్‌రే కొలతలో కనిపించే శిఖరం చీలిపోతుంది. ఇక ఆ చీలిక పొరదో పలకదో విడదీయడానికే రోజులు పడుతుంది.

లాటిస్ దగ్గరగా ఉంటే చాలదా అంటారేమో. పలకలుగా వాడే స్ఫటికాల్లో ఎల్‌శాట్ 3.87, నియోడిమియం గాలేట్ 3.86. కాగితం మీద రెండూ ఒకటే. కానీ నియోడిమియం అయాన్ పారా అయస్కాంతం, అంటే బయటి అయస్కాంత క్షేత్రంలో తానూ అయస్కాంతత్వం చూపిస్తుంది. పొర 20 నానోమీటర్లు, పలక అర మిల్లీమీటరు, అంటే 25,000 రెట్లు మందం. చల్లబరిచి స్క్విడ్‌లో (అతి సూక్ష్మ అయస్కాంతత్వాన్ని కొలిచే పరికరంలో) పెడితే కనిపించేదంతా పలక సంకేతమే, పొరది అందులో మునిగిపోతుంది. తీసివేత లెక్కలతో దాన్ని నమ్మకంగా బయటికి లాగలేం.

అన్నిటికన్నా బాధ కలిగించేది డిస్ప్రోసియం స్కాండేట్ పలకల సంగతి. దాని మీద ఒక శాతం దాకా సాగిన స్ట్రాన్షియం టైటనేట్ పొర గది ఉష్ణోగ్రత దగ్గర ఫెర్రోఎలక్ట్రిక్ (తనంతట తానే విద్యుత్ ధ్రువణం నిలుపుకునేది) అవుతుందని 2004లోనే తేలింది. ఖరీదెక్కువని స్కాండేట్‌ను కొట్టేసి స్ట్రాన్షియం టైటనేట్ పలకలే పంపితే, పొరా పలకా ఒకే పదార్థం. స్ట్రెయిన్ (సాగుడు) సున్నా. ఇక ఆ ప్రయోగంలో కొలవడానికి ఏముంటుంది?

మిస్‌కట్ కోణం (పలక కోసిన తలం అసలు స్ఫటిక తలం నుంచి ఎంత వాలిందో) కూడా ఆర్డరులో రాయనివ్వండి. 0.1 డిగ్రీ అయితే ఉపరితలం మీద మెట్టుకూ మెట్టుకూ మధ్య 220 నానోమీటర్ల చదును దొరుకుతుంది, అర డిగ్రీ అయితే 45 మాత్రమే. బఫర్డ్ హెచ్‌ఎఫ్ ఆమ్లంలో ఎంత జాగ్రత్తగా కడిగినా, 950 డిగ్రీల దగ్గర ఎంతసేపు కాల్చినా ఆ తేడా పోదు.

అయ్యా, మేమడిగేది ఎక్కువ డబ్బు కాదు. ఏ స్ఫటికం, ఏ తలం, ఏ మిస్‌కట్ అని పరిశోధకుడు రాస్తే దాన్ని మార్చే అధికారం కమిటీకి ఉండకూడదు. ఆ ఒక్క వాక్యం తీసేయండి. తీసేయడం కుదరకపోతే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
ఆక్సైడ్ థిన్ ఫిల్మ్ పరిశోధకులు