మారేడుమిల్లికి బస్సులు వేయించండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

చలికాలం రాగానే శని, ఆదివారాల్లో తెల్లవారకముందే రావులపాలెం వంతెన మీదుగా కార్లు బారులు తీరి మారేడుమిల్లి కొండల వైపు సాగడం మా కోనసీమలో అందరికీ తెలిసినదే. మేమూ వెళతాం, ఆ కొండలంటే మా పల్లపు ప్రాంతం వాళ్లకు అంత మోజు. అయితే అక్కడి జలతరంగిణి జలపాతం దగ్గర రోడ్డుకు రెండు పక్కలా కార్లు నిలిపి ఉండగా మలుపు తిరగలేక ఆర్టీసీ బస్సు ఆగిపోవడం, సంతకు వెళ్లే గిరిజన మహిళలు మూటలు నెత్తికెత్తుకుని దిగి నడిచిపోవడం కళ్లారా చూశాక ఈ విన్నపం చేయక తప్పడం లేదు. రంపచోడవరం ఆసుపత్రికి 108 వాహనం రావలసిందీ ఆ దారినే.

రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుందని కొందరంటున్నారు. కొండ తొలిచి, చెట్లు కొట్టి వెడల్పు చేస్తే మరిన్ని కార్లు వస్తాయే తప్ప రద్దీ తగ్గదు. 2022 నుంచి తిరుమల ఘాట్ రోడ్డులో ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. కొండ దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా కొంత విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరుతుంది కనుక ఇటువంటి దారులకు అవి ఎంతో అనువైనవి. సీజన్‌లో వారాంతాల్లో సొంత వాహనాలను రంపచోడవరంలోనే ఆపించి, అక్కడ చార్జింగ్ ఏర్పాటు చేసి, మారేడుమిల్లికీ జలపాతాలకూ అరగంటకొక విద్యుత్ బస్సు నడిపించాలని కోరుతున్నాను.

అంతకన్నా ముఖ్యంగా, అమలాపురం, మండపేటల నుంచి రంపచోడవరానికి నేరుగా బస్సులుండాలి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తికాక అమలాపురానికి నేటికీ రైలు లేదు. పిల్లలతో, సామానుతో రాజమండ్రిలో దిగి మరో బస్సు కోసం పడిగాపులు పడే కన్నా అప్పు చేసైనా కారు మాట్లాడుకోవడమే మేలని కుటుంబాలు అనుకుంటున్నాయి.

తమిళనాడులోని నీలగిరి జిల్లాలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి పర్యాటక వాహనాలకు ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే అనుమతి) తప్పనిసరి చేశారు. 2025 వేసవిలో రోజుకు 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకే అనుమతి ఇచ్చారు. ఇక్కడా అటువంటి పరిమితి అవసరమే, కానీ ముందు బస్సు, తరువాతే పాస్. గుడిస కొండకు జీపులు నడిపే పని మాత్రం స్థానిక గిరిజన యువకుల చేతుల్లోనే ఉంచి, గడ్డి మైదానం మీదికి ఏ చక్రమూ ఎక్కకుండా హద్దు గీయించండి.

ఆర్టీసీ, అటవీ శాఖ, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులను ఒకచోట కూర్చోబెట్టి, రానున్న కార్తిక మాసం లోపల గోకవరం డిపో నుంచైనా ప్రయోగాత్మకంగా ఈ బస్సులు మొదలుపెట్టించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
అమలాపురం వాసి