చెరువు గట్టున ఒక ఖాళీ క్యాను కట్టించండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు రాగానే మా చంద్రగిరి చుట్టుపక్కల పిల్లలు నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోతారు. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయే ఉంటుంది. అందుకే ఇసుక తవ్విన గోతులు, క్వారీ గుంతలు, పొలం బావులే వాళ్లకు ఈతకొలనులు. ‘ఈతకు వెళ్లి’ అని మొదలయ్యే వార్త ప్రతి ఏడూ మీ పత్రికలో చదువుతూనే ఉన్నాం. ఆ వార్తల్లో తరచుగా ఇద్దరు ముగ్గురి పేర్లు ఉంటాయి. ఒకడు మునుగుతుంటే కాపాడబోయి ఇంకొకడు దిగుతాడు, ఇద్దరూ పోతారు.

నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. ఆర్కిమెడిస్ సూత్రాన్ని ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పిన నా విద్యార్థి ఒకడు అలాంటి గుంతలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి గట్టు మీద అతని చెప్పులు, చొక్కా ఉన్నాయి. వాటి పక్కనే తాగడానికి తెచ్చుకున్న ఐదు లీటర్ల నీళ్ల క్యాను అడుగున కాసిన్ని నీళ్లతో పడి ఉంది. తోటి పిల్లలు నలుగురూ గట్టునే నిలబడి కేకలు వేశారట. ఆ క్యాను విసరాలని ఒక్కరికీ తోచలేదు. తోచేలా నేను చెప్పలేదు.

ఇనుప మేకు మునుగుతుంది, ఇనుప పడవ తేలుతుంది. తేలడం, మునగడం వస్తువు ఎంత బరువుందన్న దానిమీద మాత్రమే ఆధారపడదు. ఆ బరువు ఎంత చోటులో పరుచుకుని ఉందన్నదే ముఖ్యం. వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో, అంత నీటి బరువుతో నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. ఆర్కిమెడిస్ సూత్రం ఇదే. లీటరు నీళ్లు పక్కకు జరిగితే కిలో బరువుకు ఆసరా దొరికినట్టే. తెప్పోత్సవం చూడని పిల్లలు మన జిల్లాలో అరుదు. చాలా గుళ్లలో ఆ తెప్పను ఖాళీ పీపాల మీదే కడతారు. లోపల గాలి తప్ప ఏమీ లేని ఆ పీపాలు మండపాన్నీ మనుషులనూ ఎలా మోస్తున్నాయో బళ్లో ఎవరైనా అడిగితే, పాఠం అక్కడే మొదలవుతుంది.

మన ఒళ్లు దాదాపు నీటితో సమానమైన సాంద్రత గలది. గుండెల నిండా గాలి పీల్చుకుంటే నీటికన్నా కాస్త తేలిక, వదిలేస్తే కాస్త బరువు. అందుకే నీళ్లలో మనిషిని నిలపడానికి పెద్ద బలమేమీ అక్కర్లేదు. మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ క్యాను సుమారు ఐదు కిలోల బరువును పైకి పట్టి ఉంచుతుంది. తల నీళ్ల పైన ఉండటానికి అది చాలు. మూత ఊడితే మాత్రం నీళ్లు నిండి ఆ ఆసరా పోతుంది.

పిల్లలకు చెప్పి తీరాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. నీళ్లలో భయపడ్డవాడు ఒక్కోసారి రెండు చేతులూ పైకెత్తుతాడు. ఆ చేతుల బరువు ఒంటి బరువులో దాదాపు పదో వంతు. నీళ్లలో ఉన్నంతసేపు వాటిని నీళ్లే మోస్తాయి. పైకి లేపగానే ఆ భారమంతా మిగతా ఒంటి మీద పడి, తల లోపలికి పోతుంది. చేతులు నీళ్లలోనే ఉంచి, వెల్లకిలా వాలి, గాలి నిండా పీల్చుకుంటే ముక్కూ నోరూ పైన ఉంటాయి. మా చిన్నతనంలో నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి బావిలోకి దింపిన పెద్దలు ఈ పాఠాన్ని సూత్రం పేరెత్తకుండానే నేర్పారు.

జిల్లా విద్యాశాఖ అధికారులకు, పంచాయతీలకు నా విన్నపం ఇది. సెలవులు ఇచ్చే ముందు ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక్క పూట, ఒక నీళ్ల తొట్టి పెట్టించండి. ఖాళీ క్యానును నీళ్ల అడుక్కి నొక్కమని ప్రతి పిల్లవాడికీ చెప్పండి. అది ఎంత బలంగా ఎదురు తిరిగి పైకి వస్తుందో వాళ్ల అరచేతులకు తెలియాలి. పిల్లలు దిగే ప్రతి చెరువు దగ్గరా, గుంత దగ్గరా ఒక స్తంభం పాతించి, పొడవాటి తాడు కట్టిన ఖాళీ క్యాను వేలాడదీయండి. ‘దిగవద్దు, ఇది విసరండి’ అని పెద్ద అక్షరాలతో దాని మీద రాయించండి. దీనికి కొత్త పథకం గానీ టెండరు గానీ అవసరం లేదు. హోటళ్ల వెనుక రోజూ పడేసే నూనె క్యాన్లు చాలు, తాడుకే కాస్త ఖర్చు.

మా వీధి కుర్రవాళ్లతో కలిసి మొదటి రెండూ నేనే కట్టాను. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది కాబట్టి ప్రతి వేసవికీ వాటిని మార్చాలి. ఆ పని పంచాయతీ తీసుకుంటే మిగతా గుంతల జాబితా ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా.