మహిళల లెక్క వాడవారీగా తేలాలి

సంపాదకులకు నమస్కారం.

పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల్లోని తొమ్మిది ఇతివృత్తాల్లో 'మహిళా స్నేహపూర్వక గ్రామం' ఒకటి. చాలా ప్రణాళికల్లో దాని కింద కుట్టు శిక్షణ, మహిళా దినోత్సవం ఖర్చు మించి ఏమీ కనిపించదు. రాసేవారికి మనసు లేక కాదు, చేతిలో అంకె లేక.

నిజానికి స్త్రీ, పురుషుల గడి లేని రిజిస్టరు ఊళ్లో లేదు. ఆశా దగ్గర, అంగన్‌వాడీలో, ఉపాధి హామీ జాబ్‌కార్డుల్లో అన్నిచోట్లా ఉంది. దాన్ని వాడవారీగా కూడి చూసేవారే లేరు. పంచాయతీ మొత్తానికి కలిపేస్తే ఎస్సీ కాలనీ చివరి ఇళ్ల నీటి కరువు ఊరి నడిబొడ్డు కుళాయిల లెక్కలో మునిగిపోతుంది.

ఇక అడిగే తీరు. సర్వేకు పొద్దున పదకొండింటికి వెళ్తారు. ఆడవాళ్లు అప్పటికే చేలో ఉంటారు. అరుగు మీదున్న మగాయన జవాబిస్తాడు, భార్య పేరుకెదురుగా 'పని లేదు' అని పడుతుంది. ఆ మనిషి తెల్లారకముందే పాలు పితికి, కేంద్రంలో పోసి, మిరప కోతకు వెళ్లి ఉంటుంది. పాల పాసుపుస్తకం మాత్రం ఆయన పేరునే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఆరేళ్లు దాటినవారిలో ఆ రోజు ఇంటిపని చేసిన ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు ఇంటిపని చేసిన మగవాళ్లే 26 శాతం.

ఎనిమిది వందల ఇళ్ల ఊరికి ఆడవాళ్లనే అడిగే ఇంటింటి సర్వే ఏమంత భారం కాదు. అరపేజీ ఫారం, ఎనిమిది ప్రశ్నలు, ఇంటికి పది నిమిషాలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, జంటలో ఒకరు తప్పనిసరిగా మహిళ. జంటకు రోజుకు పన్నెండు ఇళ్ల చొప్పున ఎనిమిది జంటలు పది సాయంత్రాల్లో పూర్తి చేస్తాయి. ఈ పని ఆశాల నెత్తిన ఉచితంగా పడేయకూడదు. వీఓఏలకైనా (మహిళా సంఘాల గ్రామ సమాఖ్య సహాయకులు), చదువుకున్న సంఘం సభ్యులకైనా ఇంటికింత అని ముందే చెప్పి ఇవ్వాలి.

'ఇంట్లో కుళాయి ఉందా?' అంటే అందరూ ఉందనే అంటారు. నీళ్లు ఏ వేళకు వస్తాయి, ఎవరు పడతారు, రాని రోజు ఎక్కడి నుంచి తెస్తారు అని అడగాలి. ఉపాధి పనికి బయల్దేరే వేళకే నీళ్లు వదిలితే ఆడమనిషి కూలి పోతుంది. దీనికి కొత్త ట్యాంకు అక్కర్లేదు, వాల్వు తిప్పే వేళ మారిస్తే చాలు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. అంత డబ్బు ఏ వాడకు వెళ్లాలో చెప్పాల్సింది ఇలాంటి జవాబులే. మరుగుదొడ్డి సంగతీ అంతే. కట్టారా అని కాదు, ఎవరెవరు వాడుతున్నారు, లోపల నీళ్లున్నాయా అని అడగాలి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే తెలుసు. పెళ్లయిన కూతురు పుట్టింట్లోనూ అత్తింట్లోనూ లెక్కకొస్తుంది. హైదరాబాద్ వలస వెళ్లినవారు ఉన్నట్టే నమోదవుతారు. గత ఆరు నెలల్లో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటే అక్కడే లెక్క అన్న ఒక్క నియమం పెట్టుకుంటే రెండూ తీరతాయి. భర్త వదిలేసినవారు తండ్రి ఇంటి లెక్కలో కలిసిపోతారు కాబట్టి ఒంటరి మహిళలకు వేరే గడి ఉండాలి. ట్రాన్స్‌జెండర్లకూ అంతే. 'తెలియదు' అన్న జవాబును 'లేదు'లో కలపకూడదు. పదింట ఒక ఇంటికి వేరే జంట మళ్లీ వెళ్లి అడగాలి. ఇంట్లో హింస గురించి మాత్రం ఈ ఫారంలో వద్దు. పక్కన అత్త ఉండగా జవాబు రాదు సరికదా, అడిగినందుకు ఆ రాత్రి ఆమెకే ముప్పు.

కూడేటప్పుడు వాడ, వయసు, స్త్రీ పురుషులు మూడూ కలిసిన పట్టిక కావాలి. ఏ గడిలోనైనా ఐదుగురికన్నా తక్కువుంటే గోడకు అంటించే కాగితంలో ఆ అంకె వేయకూడదు, చిన్న ఊళ్లో అది ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. గ్రామసభకు వారం ముందు మహిళాసభలో పట్టికను చదివి వినిపించాలి. వీధిదీపాల స్తంభాలు ఎన్నని రికార్డులో ఉంటుంది, చీకటి పడ్డాక బస్సు దిగి నడిచే దారిలో ఏ స్తంభానికి దీపం వెలగదో అక్కడ కూర్చున్నవారు చెబుతారు.

కేరళలో స్థానిక ప్రణాళికల నిధుల్లో పది శాతం మహిళా విభాగానికి కేటాయించాలన్న నియమం 1990ల చివరి నుంచే ఉంది. మన దగ్గర పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే అయినా, మహిళా సర్పంచ్ ముందుకు కూడా ఇలాంటి పట్టిక రావడం అరుదు. పంచాయతీరాజ్ అధికారులు ఈసారి ప్రణాళిక మార్గదర్శకాలతోపాటు ఖాళీ పట్టిక ఒకటి జతచేయాలి. పంచాయతీ ప్రణాళికలు నమోదుచేసే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ప్రతి పని ఎదుట అది పట్టికలోని ఏ గడి నుంచి వచ్చిందో ఒక వరుస రాయమని అడగాలి.

— పంచాయతీ ప్రణాళికల శిక్షకులు, అనంతపురం జిల్లా